వాయేజర్‌లో తరిగిపోతున్న కరెంటు: వెనకున్న భాస్వరం కథ

2025 ఫిబ్రవరిలో నాసా అంతరిక్ష నౌక వాయేజర్-1 మీది కాస్మిక్ కిరణాల పరికరాన్ని ఆపేశారు. అది పాడవలేదు, కరెంటు చాలలేదు. రెండు వాయేజర్లలోనూ ఏడాదికి సుమారు 4 వాట్లు తగ్గిపోతున్నాయి. ఈ నౌకల్లో ప్లుటోనియం ఇచ్చే వేడినే కరెంటుగా మారుస్తారు. ఆ ప్లుటోనియం తరిగిపోతోంది కాబట్టి అంటారు చాలామంది. నిజమే, కానీ అదొక్కటే కాదు. ప్లుటోనియం-238 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 87.7 ఏళ్లు. 1977లో ఒక్కో నౌక సుమారు 470 వాట్లతో బయల్దేరింది. ప్లుటోనియం లెక్కే అయితే ఇప్పటికి 320 దాకా ఉండాలి. ఉన్నది మొదటి దాంట్లో సగం కూడా లేదు. మిగతా నష్టం, వేడిని కరెంటుగా మార్చే మిశ్రమంలో జరిగింది.

ఆ మిశ్రమం సిలికాన్-జెర్మేనియం. రెండు లోహాలను కలిపి ఒక అతుకును వేడి చేస్తే పక్కనున్న అయస్కాంత సూది కదులుతుందని జర్మనీలో సీబెక్ 1821లోనే చూశాడు. కానీ లోహాల్లో పుట్టే వోల్టేజీ బహు తక్కువ. పైగా వేడి అవతలి కొసకి ఇట్టే పాకిపోతుంది. దారి చూపింది సోవియట్ శాస్త్రవేత్త అబ్రాం యోఫే. అర్ధవాహకాలు (సెమీకండక్టర్లు) తీసుకోండి, బరువులో తేడా ఉన్న పరమాణువులను కలపండి, అప్పుడు వేడి నడక తడబడుతుంది, ఎలక్ట్రాన్లు మాత్రం పెద్దగా ఆగవు అన్నాడు. సిలికాన్ ఒక్కటే అయితే వేడిని మీటరుకు, డిగ్రీకి 150 వాట్ల దాకా మోసుకెళ్తుంది. జెర్మేనియం కలిపితే అది 10 లోపుకి పడిపోతుంది. అమెరికాలో ఆర్‌సీఏ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ ల్యాబ్ 1960ల్లో ఈ మిశ్రమాన్నే పట్టుకుని పనిచేసింది. 1965లో అంతరిక్షంలోకి వెళ్లిన స్నాప్-10ఏ అణు రియాక్టర్‌లో వాడింది కూడా దీన్నే.

కలపడంతో పని అయిపోదు, డోపింగ్ కావాలి, అంటే వేరే మూలకాన్ని కొద్దిగా చేర్చాలి. కరెంటు పుట్టించే ఒక్కో జంటలో ఈ మిశ్రమంతో చేసిన రెండు కాళ్లుంటాయి. ఒక కాలుకి బోరాన్, ఇంకో కాలుకి భాస్వరం. కొన్ని వందల పరమాణువులకు ఒకటి చొప్పున. తక్కువైతే కరెంటు పారదు, మరీ ఎక్కువైతే వోల్టేజీ పడిపోతుంది. చిక్కంతా భాస్వరంతోనే. బాగా వేడిగా ఉన్నప్పుడు మిశ్రమంలో అది ఎక్కువ కరుగుతుంది, వేడి తగ్గితే తక్కువ. ముదురు పాకం చల్లారితే పంచదార పలుకులు కట్టినట్టే, అదనపు భాస్వరం విడిపోయి రేణువులుగా పేరుకుంటుంది. అలా పేరుకున్న భాస్వరం ఎలక్ట్రాన్లు ఇవ్వదు.

ఒక్క కాలుని దగ్గరగా చూడండి. వేడి కొస 1000 డిగ్రీలు, చల్లటి కొస 300. వేడి కొసలో భాస్వరం కరిగే ఉంటుంది. చల్లటి కొసలో పరమాణువులు కదలలేవు కాబట్టి అక్కడా పెద్దగా మార్పు లేదు. దెబ్బ తినేది మధ్య భాగం. విడిపోవాల్సినంత చల్లగా, కదలగలిగినంత వేడిగా ఉండేది అక్కడే. ఏళ్ల తరబడి అక్కడ నిరోధం పెరుగుతూ పోతుంది. ఒక్కో జనరేటర్‌లో ఇలాంటి జంటలు 312. నౌకకి మూడు జనరేటర్లు.

వేడిని కరెంటుగా మార్చే మరో పదార్థం బిస్మత్ టెల్యురైడ్‌ది ఇంకో రకం పేచీ. దాన్ని మెత్తగా నూరితే చాలు, స్ఫటికంలో లోపాలు పుట్టి అదనపు ఎలక్ట్రాన్లు వస్తాయి. ఏమీ డోప్ చేయకుండానే డోప్ చేసినట్టవుతుంది. ఎనీలింగ్ చేస్తే, అంటే కొంతసేపు వేడిలో ఉంచితే, ఆ లోపాలు సర్దుకుంటాయి. అందుకే కొలతలు చెప్పేటప్పుడు ఏం కలిపారన్నదే కాదు, ఎంత వేడిలో, ఎంతసేపు ఉంచారన్నదీ చెప్పి తీరాలని నా గట్టి అభిప్రాయం.

2021లో బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ అనే పరిశోధన సంస్థలో కనిష్క బిశ్వాస్ బృందం ఇలాంటిదే మరో పదార్థం సిల్వర్ ఆంటిమొనీ టెల్యురైడ్‌కి కొద్దిగా కాడ్మియం చేర్చింది. చెల్లాచెదురుగా ఉన్న పరమాణువులు కొంత వరుసకొచ్చాయి. వేడిని కరెంటుగా మార్చే పనితనాన్ని చెప్పే జెడ్‌టీ అంకె 300 డిగ్రీల దగ్గర 2.6కి చేరింది. మన దేశంలో ఇలాంటి పని జరగడం చూస్తే సంతోషంగా ఉంటుంది. కానీ ఏ మిశ్రమానికైనా నాకు అంకె ఒక్కటే చాలదు. అదే వేడిలో పదేళ్లు ఉంచాక ఎంత మిగులుతుందో కూడా తెలియాలి.

వాయేజర్ మిశ్రమానికి నిజానికి మందు ఉంది. 1000 డిగ్రీలు దాటేలా మళ్లీ వేడి చేస్తే భాస్వరం తిరిగి కరుగుతుంది, పోయిన ఎలక్ట్రాన్లు చాలావరకు వెనక్కి వస్తాయి. ల్యాబ్‌లో అది కొలిమి ఉంటే అయిపోయే పని. వాయేజర్-1 ఉన్నది 2,400 కోట్ల కిలోమీటర్లకు అవతల, దగ్గరున్న ప్లుటోనియమేమో ఏటేటా చల్లబడుతోంది.