నోటి క్యాన్సర్ - అపోహలు, వాస్తవాలు: పుండు మానేదాకా దవడను కదపకూడదా?

అపోహ: రేడియేషన్ జరుగుతున్నన్నాళ్లూ నోటికి విశ్రాంతి ఇవ్వాలి; పుండు మాని, నొప్పి తగ్గాక వ్యాయామాలు మొదలుపెట్టవచ్చు.

విశాఖపట్నంలో నోటి క్యాన్సర్ రోగులతో పనిచేసే స్పీచ్ థెరపిస్టుగా నేను అన్నింటికన్నా ఎక్కువసార్లు వినే మాట ఇది. చాలాసార్లు దీన్ని చెప్పేది రోగి కాదు, పక్కన నిలబడిన కొడుకో కోడలో. "మనిషి దక్కితే అదే చాలు మేడమ్, ఇప్పుడు ఆ నోటిని ఇంకా బాధపెట్టకండి" అంటారు. కన్నవారి బాధను రోజూ కళ్లారా చూస్తున్నవారి ఆందోళన నాకు అర్థమవుతుంది. అయితే రోగికి ఆ తరువాతి జీవితంలో ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ జాలి నుంచి పుట్టిన వాయిదాయే.

వాస్తవం: పుండు మానడం, దవడ బిగుసుకుపోవడం ఒకే కాలపట్టిక ప్రకారం నడవవు. రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున ఆరు వారాలకు పైగా సాగుతుంది. రెండో మూడో వారంలో నోరు పూసి, చికిత్స ముగిసిన కొన్ని వారాలకు ఆ పుండ్లు చాలావరకు మానిపోతాయి. నమిలే కండరాల్లో మాత్రం గట్టి పీచు కణజాలం నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది. అది ముదరకముందు రోజూ సాగదీస్తే కండరం చాలావరకు మాట వింటుంది. ముదిరాక సాగదీయడం ఎంతో కష్టం, ఫలితమూ తక్కువ. గుట్కా, వక్క అలవాటు వల్ల బుగ్గలు అప్పటికే బిగుసుకుని ఉన్నవారికి ఈ వ్యవధి ఇంకా తక్కువ.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి నోరు ఉజ్జాయింపుగా 40 నుంచి 50 మిల్లీమీటర్ల మేర తెరుచుకుంటుంది. 35 కన్నా తగ్గితే దాన్ని ట్రిస్మస్‌గా లెక్కిస్తాము. స్కేలు లేకపోతే మీ మూడు వేళ్లను నిలువుగా ముందుపళ్ల మధ్య పెట్టి, పడుతున్నాయో లేదో చూసుకోండి. నోరు తెరుచుకోకపోతే పోయేది ముద్ద ఒక్కటే కాదు. బ్రష్ లోపలికి వెళ్లదు, పుచ్చిన పన్నుకు వైద్యం చేయడం కుదరదు, మళ్లీ ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇచ్చే డాక్టరుకు గొట్టం వేయడం కష్టమవుతుంది, జబ్బు తిరగబెట్టిందేమో చూడవలసిన చోటును సర్జన్ సరిగా చూడలేరు. తల, మెడ క్యాన్సర్ల రోగుల కోసం యూరప్‌కు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ రూపొందించిన 35 ప్రశ్నల జీవన నాణ్యత పట్టికలో నోరు తెరవగలగడం గురించి విడిగా ఒక ప్రశ్న ఉన్నది ఊరికే కాదు.

భీమిలి వైపు మత్స్యకార పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గుర్తుకు వస్తున్నారు. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆ తరం ఆడవారు చాలామంది చేసినట్లే, చుట్ట నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని ఏళ్లపాటు అడ్డపొగ తాగిన మనిషి. అంగిలిలో క్యాన్సర్ వచ్చింది, ఆ భాగం తీసేశారు, నోటికీ ముక్కుకూ మధ్య పడిన రంధ్రాన్ని మూసే ప్లేటు తయారైంది. రేడియేషన్ సమయంలో, పుల్లలతో నోరు సాగదీసే వ్యాయామం ఆగిపోవడంతో దవడ బిగిసి, ఆ ప్లేటు లోపలికి వెళ్లలేదు. అంబలి తాగితే ముక్కులోంచి వచ్చేది, మాట ఎవరికీ తెలిసేది కాదు. "అత్తమ్మ ఏడుపు చూడలేక పుల్లలు నేనే దాచేశాను మేడమ్" అని కోడలు చెప్పినప్పుడు ఆ అమ్మాయిని ఏమనడానికీ నాకు నోరు రాలేదు. తరువాత నెలల తరబడి అత్తాకోడళ్లిద్దరూ కూర్చుని చేస్తేనే ప్లేటు పట్టేంత చోటు వచ్చింది.

ఆ పుల్లలు ఐస్‌క్రీమ్ పుల్లలే. పళ్ల మధ్య పట్టినన్ని ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టి, అర నిమిషం ఉంచి తీసి, మళ్లీ పెట్టాలి. రోజుకు నాలుగైదు విడతలు చేయాలి. డాక్టరు రాసిన నొప్పి మందును అరగంట ముందు వేసుకుంటే బాధ భరించగలిగేలా ఉంటుంది. పుల్ల మందం దాదాపు రెండు మిల్లీమీటర్లే కనుక, రెండు మూడు వారాలకు ఒక్క పుల్ల పెరిగినా అది నిజమైన లాభమే. ఆపరేషన్‌లో దవడ ఎముక కోసి లోహపు ప్లేటు వేసినవారు, కండ అతికించినవారు ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌నే అడగాలి, సొంతంగా బలవంతం చేయకూడదు.

మింగడానికీ ఇదే వర్తిస్తుంది. ముక్కు గొట్టం వేస్తే ఇక ఆఖరి దశ అని వాడలో ఎవరో అన్న మాటకు భయపడి, మనిషి పది కిలోలు తగ్గేదాకా గొట్టం వద్దనేవారున్నారు. అది ఆ కొన్ని వారాలు గట్టెక్కించే సాధనం మాత్రమే. గొట్టం ఉన్నా, పొలమారడం లేదని థెరపిస్టు నిర్ధారించినవారు రోజూ కొద్దికొద్దిగా నోటితో మింగుతూ ఉండాలి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. గుడ్డు, చేప తింటే చీము పడుతుందన్నది నిజం కాదు; ఈ పథ్యంతోనే ఎందరో చికిత్స మధ్యలో నీరసించిపోతున్నారు. కంచం, గ్లాసు వేరు చేయవలసిన పని లేదు, ఇది అంటువ్యాధి కాదు. పాడైన పళ్లను రేడియేషన్‌కు ముందే తీయించుకోవాలి. తరువాత పీకితే ఆ చోట దవడ ఎముక మానకుండా పాడయ్యే ప్రమాదం ఏళ్ల తరబడి ఉంటుంది. మెడ ఆపరేషన్ తరువాత భుజం లేవకపోవడం పక్షవాతం కాదు. నరం మీద పడిన ప్రభావం అది, ఫిజియోథెరపీ అవసరం. మార్ఫిన్ ఇచ్చారంటే ఆశ వదులుకున్నారని కాదు, నొప్పి ఎక్కువగా ఉందని.

చికిత్స ముగిసి ఏళ్లు గడిచినవారూ వ్యాయామం మొదలుపెట్టవచ్చు, ఫలితం నిదానంగా వస్తుంది. కానీ బాగా తెరుచుకుంటున్న నోరు ఉన్నట్టుండి తగ్గినా, కొత్తగా చెవి వైపు నొప్పి వచ్చినా, పుల్లలు పెంచకండి. ముందు మీ సర్జన్‌కు చూపించండి, ఎందుకంటే జబ్బు తిరగబెట్టిన వారిలో కొందరికి మొదట కనిపించే లక్షణం ఇదే.