గర్భిణుల్లో జీబీఎస్: ఎంతమందిలో ఉందన్న లెక్క ఎలా మారుతూ వచ్చింది

అమెరికాలో ఉంటున్న బిడ్డ తొమ్మిదో నెలలో ఫోన్ చేసి ‘జీబీఎస్ పాజిటివ్ వచ్చిందమ్మా, కాన్పప్పుడు సెలైన్‌తో యాంటీబయాటిక్ ఎక్కిస్తరట’ అంటే హనుమకొండలో ఉన్న తల్లికి టెన్షన్ మొదలవుతుంది. పెద్దబిడ్డ ఇక్కడే కాన్పయింది. ఆమెకు ఈ పరీక్ష ఎవరూ రాయలేదు, ఈ పేరు కూడా ఎవరూ చెప్పలేదు. ఒకే ఇంటి ఆడపిల్లలకు రెండు చోట్ల రెండు పద్ధతులు ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

జీబీఎస్ అంటే గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా. ఈ ‘బి’కి మన రక్తం గ్రూపుతో సంబంధం లేదు. 2025 మొదట్లో పుణెలో కేసులు బయటపడినప్పుడు టీవీల్లో చెప్పిన జీబీఎస్ కూడా ఇది కాదు, అది నరాల జబ్బు. ఈ బ్యాక్టీరియా మనుషుల పేగుల్లో, ఆడవాళ్ల జననాంగంలో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది, కొన్నాళ్లకు పోతుంది, మళ్లీ వస్తుంది. అది ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఇది సుఖవ్యాధి కాదు, శుభ్రత లేక వచ్చేదీ కాదు. ఈ మాట గట్టిగానే చెప్పాలి. మన ఇళ్లలో ఇలాంటి రిపోర్టు రాగానే అందరి వేళ్లూ కోడలి వైపే తిరుగుతాయి. అది ఆమెకు చేసే అన్యాయం.

దీన్ని మొదట గుర్తించింది పశువుల్లో. 1887లో ఫ్రాన్స్‌లో నొకార్, మొల్లెరో అనే ఇద్దరు ఆవుల పొదుగువాపుకు కారణం వెతుకుతూ ఈ క్రిమిని పట్టుకున్నారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇది పాడి రైతుల సమస్యగానే మిగిలిపోయింది. 1930లలో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసిన రెబెకా లాన్స్‌ఫీల్డ్ స్ట్రెప్టోకాకస్ క్రిములను ఏ, బి, సి అంటూ గ్రూపులుగా విడదీశారు. 1935లో రొనాల్డ్ హేర్‌తో కలిసి ఆమె బాలింతల నుంచి తీసిన నమూనాలను చూశారు. బాలింత జ్వరంతో ప్రాణం మీదికి వచ్చినవాళ్లలో ప్రధానంగా గ్రూప్ ఏ కనిపించింది. గ్రూప్ బి మాత్రం ఏ జ్వరమూ లేనివాళ్లలోనూ ఉంది. దాంతో ‘బి’ వల్ల హాని లేదనే అభిప్రాయం స్థిరపడింది. 1938లో ఫ్రై అనే పరిశోధకుడు ఇదే క్రిమి వల్ల ముగ్గురు బాలింతలు చనిపోయారని రాసినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1970ల నాటికి పరిస్థితి తిరగబడింది. అమెరికా ఆసుపత్రుల్లో పుట్టిన ఒకటి రెండు రోజులకే పసిపిల్లలు మూలుగుతూ, ఎగశ్వాస తీస్తూ, పాలు పట్టక చనిపోసాగారు. వాళ్ల రక్తాన్ని కల్చర్‌కు, అంటే ల్యాబులో క్రిములను పెంచి చూసే పరీక్షకు పంపితే ముందు వరుసలో కనిపించింది ఈ గ్రూప్ బి. జబ్బు చేసిన పిల్లల్లో సగం దాకా దక్కని రోజులవి. అంతవరకు ఎవరికీ అక్కరలేని ప్రశ్న అప్పుడు ముందుకొచ్చింది: అసలు ఎంతమంది గర్భిణుల్లో ఈ క్రిమి ఉంటోంది?

ఆ ప్రశ్నకు దొరికిన జవాబు వెతికిన తీరును బట్టి మారింది. జననాంగం లోపలి నుంచి మాత్రమే నమూనా తీసి, నేరుగా ల్యాబులో క్రిములను పెంచే ప్లేటు మీద రుద్దితే చాలామందిలో క్రిమి దొరకదు. దాని అసలు నివాసం పేగు. అందుకే దూదిపుల్లతో జననాంగం ముందు భాగం నుంచి, ఆ తర్వాత మలద్వారం నుంచి నమూనా తీయాలి. ఇది గర్భిణి తనంతట తానే తీసుకోగలిగే పరీక్ష. ఆ పుల్లను మిగతా క్రిములను అణిచే మందులు కలిపిన ద్రవంలో ఒక రోజు పెంచి, అప్పుడు రక్తం కలిపిన ప్లేటు మీద వేయాలి. పెరిగింది గ్రూప్ బి అవునో కాదో తేల్చడానికి ల్యాబుల్లో వాడే క్యాంప్ టెస్టు కూడా 1944లో ఆవుపాల మీద జరిగిన పరిశోధన నుంచి వచ్చిందే. ప్లేటు మీద స్టెఫైలోకాకస్ అనే మరో బ్యాక్టీరియాను ఒక గీతగా గీసి, దానికి అడ్డంగా, తాకకుండా, అనుమానం ఉన్న క్రిమిని ఇంకో గీతగా గీస్తారు. రెండూ దగ్గరయ్యే చోట మర్నాటికి ఎర్రటి ప్లేటు బాణం ములికి ఆకారంలో తేటపడితే అది గ్రూప్ బి కిందే లెక్క.

ఈ పద్ధతి పాటించిన చోట, పాటించని చోట అంకెల్లో చాలా తేడా వచ్చింది. 2017లో 85 దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే ప్రపంచంలో సగటున 18 శాతం గర్భిణుల్లో ఈ క్రిమి ఉన్నట్టు తేలింది. కరీబియన్ దీవుల్లో అది 35 శాతం. మన దేశం ఉన్న దక్షిణాసియాలో 12.5 శాతం, అంటే ఎనిమిది మందిలో ఒకరు. మన దేశంలో ఇది తక్కువేనని చాలాకాలంగా అనుకుంటూ వచ్చారు. ఆ ‘తక్కువ’లో కొంత నిజంగా తక్కువ, కొంత సరిగా వెతకకపోవడం. ఎనిమిది మందిలో ఒకరు అంటే కొట్టిపారేసే అంకె కాదు.

తల్లిలో క్రిమి ఉంటే కాన్పు సమయంలో సుమారు సగం మంది పిల్లలకు అంటుతుంది. అంటిన వాళ్లంతా జబ్బు పడరు. ఏ మందూ ఇవ్వకపోతే, క్రిమి ఉన్న వందమంది తల్లులకు పుట్టిన పిల్లల్లో ఒకరిద్దరికి జబ్బు చేస్తుంది. నెలలు నిండకముందే పుట్టినవాళ్లకు ముప్పు ఎక్కువ. 1986లో షికాగోలో బోయర్, గోటాఫ్ చేసిన ప్రయోగంలో నొప్పుల సమయంలో తల్లికి ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తే పిల్లలకు రక్షణ దొరుకుతుందని రుజువైంది. మందు కాన్పుకు కనీసం నాలుగు గంటల ముందు పడాలి. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో మాత్రలు మింగితే లాభం లేదు, కాన్పు నాటికి క్రిమి మళ్లీ చేరుతుంది. అమెరికాలో 1996లో మార్గదర్శకాలు వచ్చాయి, 2002 నుంచి గర్భిణులందరికీ పరీక్ష మొదలైంది. 1990ల మొదట్లో వెయ్యి కాన్పులకు 1.7 కేసులుండగా ఇప్పుడది 0.25 దగ్గరికి దిగింది. బ్రిటన్ మాత్రం అందరికీ పరీక్ష చేయదు. ముప్పు లక్షణాలు ఉన్నవాళ్లకే మందు ఇస్తుంది.

మన దగ్గర ప్రతి నెలా 9న పీహెచ్‌సీల్లో గర్భిణులను ప్రత్యేకంగా చూస్తారు. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, మూత్రంలో అల్బుమిన్, షుగరు, ఇంకా హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు. అందరికీ తప్పనిసరిగా చేసే ఆ వరుసలో జీబీఎస్ లేదు. దీనికి కారణం ఉంది. 2016లో వెలువడిన ఢిల్లీ అధ్యయనంలో, మూడు పెద్దాసుపత్రుల్లో పసికందుల రక్తంలో ఎక్కువగా దొరికినవి అసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ.కోలి. జీబీఎస్ చాలా అరుదుగా కనిపించింది. మందులకు లొంగని ఆ క్రిములు ముందుండగా జీబీఎస్‌కు డబ్బు పెట్టడం ఎందుకన్న వాదనలో బలం ఉంది. కానీ పుట్టిన కొన్ని గంటల్లోనే, కల్చర్‌కు రక్తం తీయకముందే పోయిన బిడ్డలు ఆ లెక్కలో ఉండరు. ఈ సంగతి మరిచిపోకూడదు.

తెలంగాణలో ఇంకో విషయం కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి, 60.7 శాతం పెద్దాపరేషన్లే. నొప్పులు రాకముందు, ఉమ్మనీరు పోకముందు ఆపరేషన్ చేస్తే జీబీఎస్ బిడ్డకు చేరే అవకాశం చాలా తక్కువ. అంటే మన ఆపరేషన్ల జోరు ఈ సమస్యను కొంత కప్పేస్తోంది. మామూలు కాన్పులు పెరగాలని అందరం కోరుకుంటున్నాం, పెరగాలి కూడా. అప్పుడు ఈ ప్రశ్నను దాటవేయడం కుదరదు.

అందరికీ పరీక్ష ఇప్పుడే సాధ్యం కాకపోయినా, ముప్పును బట్టి మందు ఇవ్వడానికి పెద్ద ల్యాబు అక్కరలేదు. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటడం, 37 వారాలు నిండకముందే నొప్పులు రావడం, కాన్పప్పుడు తల్లికి జ్వరం, లోగడ బిడ్డకు ఈ జబ్బు చేసి ఉండడం, ఈసారి మూత్రంలో ఈ క్రిమి దొరకడం. ఈ గుర్తులు చాలు. వాజేడు, ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్‌కు రెఫర్ అయి వచ్చే గర్భిణి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేస్తుంది. ఆమె విషయంలో ఆ 18 గంటలను ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాదు, ఇంట్లో ఉమ్మనీరు పోయినప్పటి నుంచి లెక్కపెట్టాలి. ఆ టైము రెఫరల్ చీటీ మీద రాసి పంపాలి. ఇంటివాళ్లు కూడా గుర్తుపెట్టుకుని చెప్పాలి.

మొదలుపెట్టదగినది మరొకటి మూత్రం కల్చర్. మంట, జ్వరం ఏమీ లేకుండానే 2 నుంచి 10 శాతం గర్భిణుల మూత్రంలో రకరకాల బ్యాక్టీరియా ఉంటుంది. పట్టించుకోకపోతే వాళ్లలో కొంతమందికి అది మూత్రపిండాల దాకా పాకుతుంది, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. దీన్ని కల్చర్‌తో పట్టుకుని ఏడు రోజులు మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. ఆ కల్చర్‌లో జీబీఎస్ దొరికితే కాన్పు సమయంలో యాంటీబయాటిక్ ఇవ్వాలన్న సంగతి కూడా అప్పుడే తేలిపోతుంది. ఆ మాట తల్లీబిడ్డల కార్డు మీద ఎర్ర సిరాతో రాసి ఉంచితే, అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు వెంటనే కనిపిస్తుంది.