ఫినాయిల్ వాసనకు 88 మార్కులు

మొదటిసారి లఫ్రోయిగ్ అనే స్కాచ్ విస్కీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది స్కాట్లాండ్ కాదు, పొద్దున్నే తడిగుడ్డతో తుడిచిన ఆస్పత్రి వరండా. ఇంత డబ్బు పోసి ఫినాయిల్ కొన్నామా అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, నా ముక్కు అబద్ధం చెప్పలేదని. నల్ల ఫినాయిల్‌కి ఆ ఘాటు తెచ్చే క్రెసాల్స్ ఈ విస్కీలోనూ ఉంటాయి. వాటి దగ్గరి చుట్టం ఫినాల్‌నే 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ గాయాలకు వాడి చీము పట్టకుండా చూశాడు. అప్పట్లో దాని పేరు కార్బాలిక్ యాసిడ్. అంటే ఆస్పత్రి వాసన, ఈ విస్కీ వాసన రెండూ ఒకే గూటి పక్షులు.

అసలు విస్కీలోకి ఇదెలా వచ్చిందంటే, పొగ వల్ల. రాగి మాల్ట్ కోసం రాగుల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతాం కదా, అక్కడ బార్లీతో చేసేదీ అదే పని. కాకపోతే స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఐలా దీవిలో మొలకల్ని ఆరబెట్టడానికి పీట్ కాలుస్తారు. పీట్ అంటే నాచు, గడ్డి, పొదలు వేల ఏళ్లుగా బురదలో మునిగి సగం కుళ్ళి సగం మిగిలిన మట్టి. ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వేస్తారు. అది మంట కంటే పొగే ఎక్కువ ఇస్తుంది. ఆ పొగలోని ఫినాల్స్, అంటే ఫినాల్, క్రెసాల్ జాతి పదార్థాలు, తడి గింజ పొట్టుకు అంటుకుని ఇక వదలవు. లఫ్రోయిగ్ 1815 నుంచీ ఆ దీవి దక్షిణ తీరంలోనే ఉంది, తన బార్లీలో కొంత భాగాన్ని ఇప్పటికీ సొంత నేల మీదే పరిచి మొలకెత్తిస్తుంది.

దాని మాల్ట్‌లో ఫినాల్స్ పది లక్షల పాళ్లకు 40, 45 పాళ్లు ఉంటాయంటారు. ఈ అంకె చూసి విస్కీ ఘాటును లెక్కగట్టేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. అది బార్లీలో కొలిచింది, సీసాలో కాదు. పిండి చేసి నానబెట్టినప్పుడు కొంత, బట్టీ పట్టినప్పుడు ఇంకొంత పోతుంది. బట్టీలో ఫినాల్స్ ఆలస్యంగా దిగుతాయి కాబట్టి ధారను ఎక్కడ ఆపి పక్కకు మళ్లించారన్నదాన్ని బట్టి పొగ మారిపోతుంది. పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. అందుకే వయసు ఎక్కువైతే ఘాటూ ఎక్కువ అనుకుని పాతికేళ్ల సీసా కొన్నవాడికి పదేళ్లదే ఎక్కువ పొగలా అనిపించడంలో వింతేమీ లేదు.

మిగతాదంతా పీపా మహిమ. అమెరికాలో బోర్బన్ విస్కీ చేయాలంటే లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలోనే పెట్టాలని చట్టం. దాంతో ఒక్కసారి వాడిన పీపాలు కుప్పలుగా మిగిలి స్కాట్లాండ్‌కి వస్తాయి. ఇంగువ కట్టిన గుడ్డ సంగతి తెలిసిందేగా, అలా వెనిల్లా వాసన, కొబ్బరిని తలపించే లాక్టోన్లు ఆ చెక్కలోంచి కొత్త సరుకులోకి దిగుతాయి.

ఈమధ్య నలుగురం కూర్చుని ఈ ఒక్క డిస్టిలరీవే నాలుగు సీసాలు పెట్టుకున్నాం: పదేళ్లది 40 శాతం ఆల్కహాల్, చిన్న పీపాలో కూడా ఉంచిన క్వార్టర్ కాస్క్ 48, మూడు రకాల పీపాలు చూసిన ట్రిపుల్ వుడ్ 48, నీళ్లు కలపని కాస్క్ స్ట్రెంగ్త్ 58.6. పీపా చిన్నదైతే లీటరుకు తగిలే చెక్క ఎక్కువ, అందుకే క్వార్టర్ కాస్క్‌లో తీపి ముందుకొస్తుంది. ట్రిపుల్ వుడ్‌లో షెర్రీ వైన్ పీపా వల్ల ఎండుద్రాక్ష. ఇవన్నీ లేబుల్ చూస్తూ చెప్పినప్పుడు మా అంత నిపుణులు లేరు.

తర్వాత మా బామ్మర్ది లోపలికెళ్లి, పేర్లు కనపడకుండా ఐదు గ్లాసుల్లో పోసి తెచ్చాడు. నాలుగు సీసాలకు ఐదు గ్లాసులేంటని ఎవరికీ తట్టలేదు. రెండో గ్లాసుకు నేను 88 వేశా, ఐదో గ్లాసుకు 79, "కాస్త పల్చన, ముగింపు పొట్టి" అని రాశా కూడా. రెండూ అదే పదేళ్లది!

తప్పు విస్కీది కాదు. అగరుబత్తుల కొట్టువాడికి అగరుబత్తుల వాసన తెలియనట్టే, రెండు మూడు గ్లాసులు దాటాక ముక్కు పొగను పట్టించుకోవడం మానేస్తుంది. పైగా ఐదోదానికి ముందు నేను తాగింది కాస్క్ స్ట్రెంగ్త్, దాని తర్వాత ఏదైనా నీళ్లలాగే ఉంటుంది. ఇందులో కన్ను చేసే మోసం వేరే. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి, వైన్ చదువు చదివే 54 మందికి ఇచ్చారు. వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుందని గుర్తుంచుకుంటే, గ్లాసు దీపానికి పెట్టి "ఆహా, ముదురు బంగారం" అనేవాళ్ల మీద జాలేస్తుంది.

ఒక్క పని మాత్రం ఎవరైనా చేసి చూడొచ్చు. ముక్కు మూసుకుని చిన్న గుక్క తీసుకోండి. నాలుక మీద మంట, కాస్త తీపి, అంతే. ఇప్పుడు ముక్కు వదలండి, పొగ ఒక్కసారి గొంతు వెనక నుంచి పైకి తన్నుకొస్తుంది. రుచి అని మనం మార్కులేసేదాంట్లో చాలావరకు వాసనే.

మరి నీళ్లు? స్వీడన్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు 2017లో కంప్యూటర్‌లో ఈ లెక్క చూశారు. పొగ వాసననిచ్చే గ్వయకాల్ అణువులు ఆల్కహాల్ 45 శాతం దాకా ఉన్నప్పుడు పైపొరకే చేరతాయట, 59 దాటితే ఆల్కహాల్ వాటిని చుట్టుముట్టి లోపల ఉంచేస్తుందట. కాబట్టి కాస్క్ స్ట్రెంగ్త్‌లో చెంచాడు నీళ్లు పోయడం పాపమేం కాదు, నేనైతే పోస్తా.

మార్కుల కాగితం చించేశా. గ్లాసులు కడగకుండానే పడుకున్నాం. ఆల్కహాల్ రాత్రికే ఆవిరైపోతుంది గానీ, ఫినాల్స్ అంత తొందరగా పోవు. పొద్దున మా ఆవిడ వంటింట్లోకి వచ్చి ఖాళీ గ్లాసు వాసన చూసి, "ఇందులో ఫినాయిల్ ఎవరు పోశారు?" అంది.