ఫిజియోథెరపీ అంటే పిల్లాడి కాళ్లు లాగడం కాదు

మన దగ్గర సెరిబ్రల్ పాల్సీ (సీపీ) పిల్లలకు జరిగే థెరపీ చాలాచోట్ల ఇలా ఉంటుంది: పిల్లాడు మ్యాట్ మీద వెల్లకిలా పడుకుని ఏడుస్తుంటాడు, థెరపిస్టు కాళ్లు పట్టుకుని వంచుతూ చాపుతూ ఉంటారు, అమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో రైమ్స్ పెట్టి చూపిస్తుంటుంది. ముప్పావుగంట అయ్యాక డబ్బులు కట్టి ఆటో ఎక్కుతారు. ఇందులో పిల్లాడు తనంతట తాను చేసిందేమిటి అంటే ఏడవడం ఒక్కటే. కటువుగా ఉందని తెలుసు. కానీ పరిశోధనలు చెబుతున్నదీ దాదాపు ఇదే: ఇంకొకరు మన ఒంటిని కదిలిస్తే మెదడు పెద్దగా ఏమీ నేర్చుకోదు, మనకి ఏదో కావాలనిపించి మనమే కదిలినప్పుడు నేర్చుకుంటుంది.

ముందు అసలు సంగతి. సీపీ కండరాల జబ్బు కాదు. కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ ఆ తర్వాత పెరగదు. ఒళ్లు మాత్రం పెరుగుతూనే ఉంటుంది కదా, ఎముక పొడవవుతుంది, బిగుసుకుపోయిన కండ దానితో సమానంగా సాగదు, అందుకే మూడేళ్లప్పుడు లేని వంకర ఎనిమిదేళ్లకి కనబడుతుంది. ఇంట్లోవాళ్లు "జబ్బు ముదిరింది" అనుకునేది చాలాసార్లు ఇదే. ఎక్కువమందిది ఈ బిగుతు రకమే, స్పాస్టిక్ అంటారు. కొందరికి ఒళ్లు తనంతట తనే మెలికలు తిరుగుతుంది, పుట్టగానే కామెర్లు విపరీతంగా పెరిగి మెదడు దెబ్బతిన్న పిల్లల్లో ఈ రకం చూస్తాం. ఇంకొద్దిమందికి నడకలో తూలు ఉంటుంది.

కారణం దగ్గర ఓ మాట. 1860ల్లో లండన్ డాక్టర్ విలియం లిటిల్ దీన్ని కష్టమైన కాన్పుకి ముడిపెట్టాడు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ (అవును, ఆయనే, అప్పటికి నరాల డాక్టరు) అలా ఎందుకనుకోవాలి, కడుపులోనే ఏదో తేడా ఉండటం వల్ల కాన్పు కష్టమై ఉండొచ్చు కదా అన్నాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఇది తల్లులకి తెలియాలి, ఎందుకంటే చుట్టాలు వచ్చి చేసే మొదటి పని "నువ్వేం తిన్నావు, ఎక్కడ జారిపడ్డావు" అని ఆవిడని నిలదీయడం.

ఎంత తొందరగా పట్టుకుంటే అంత మంచిది. ఏడాది నిండకముందే పిల్లాడు అన్నీ ఒక్క చేత్తోనే అందుకుంటుంటే ఎడమచేతి వాటం అని మురిసిపోతాం, కానీ ఆ వయసులో చేతివాటం అలా తేలిపోకూడదు, రెండో చెయ్యి ఎందుకు రావట్లేదో చూడాలి. నాలుగైదు నెలలు దాటినా గుప్పిళ్లు బిగించే ఉండటం, లంగోటా మారుస్తుంటే కాళ్లు కత్తెరలా పడటం, మెడ నిలవకపోవడం, ఇవి కూడా అంతే. "వాళ్ల నాన్న కూడా రెండేళ్లకి గానీ నడవలేదు" అనే మాటతో పోయే నెలలు మళ్లీ రావు. ఇప్పుడు మూడు నెలల పసివాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు వీడియో తీసి, ఆ వయసులో ఉండాల్సిన చిన్నచిన్న కదలికలు ఉన్నాయో లేదో చూసి ప్రమాదం పసిగట్టే పద్ధతి ఉంది. ప్రెక్టెల్ అనే డాక్టరు మొదలుపెట్టింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఈ వయసుని కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కేస్తారు.

ఇక థెరపీ. ఒకవైపు చెయ్యి, కాలు పడిపోయిన పిల్లలకు బాగా పనిచేసే ఓ పద్ధతి కథ కోతుల దగ్గర మొదలైంది. అమెరికాలో ఎడ్వర్డ్ టౌబ్ అనే శాస్త్రవేత్త కోతుల చేతికి స్పర్శ తెలిపే నరాలు కోసి చూశాడు (1981లో ఆ ల్యాబ్ మీద పోలీసులు దాడి చేశారు, జంతు హింస మీద పెద్ద గొడవే అయింది). కోతి ఆ చేతిని వాడటం మానేసింది. కదపలేక కాదు, మొదట్లో కుదరక రెండో చేత్తో కానిచ్చేసి, అలాగే అలవాటు పడిపోయింది. మంచి చేతిని కట్టేస్తే మాత్రం చచ్చినట్టు ఆ చేతినే వాడింది. ఇదే సంగతి ముందు పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ల మీద, తర్వాత పిల్లల మీద పనికొచ్చింది.

ఇంట్లో చూస్తే ఇలా ఉంటుంది. నాలుగేళ్ల పాపకి కుడిచెయ్యి బలహీనం. ఎడమ చేతికి మేజోడు తొడిగి, ముందు పళ్లెంలో మరమరాలు పోస్తారు. కుడిచెయ్యి వెళ్తుంది, వేళ్లు పూర్తిగా విచ్చుకోవు, మణికట్టు లోపలికి తిరిగిపోతుంది, నాలుగు మరమరాలు అంటుకుంటే మూడు గడ్డం దగ్గర రాలిపోతాయి. అమ్మమ్మ చూడలేక "నేను పెడతాలే తల్లీ" అంటుంది. పెట్టకూడదు. నోట్లోకి వెళ్లిన ఆ ఒక్కటే ఆ రోజు థెరపీ. రోజూ కొన్ని గంటల చొప్పున కొన్ని వారాలు గట్టిగా చేయించాలి, తర్వాత మేజోడు తీసేసి రెండు చేతులూ కలిస్తేనే అయ్యే పనులు పెట్టాలి: టిఫిన్ బాక్స్ మూత, జిప్పు, అరటిపండు తొక్క, లడ్డూ చుట్టడం. పిల్లకి విసుగొచ్చి కొట్టినా ఆశ్చర్యం లేదు, అందుకే ఆటలా నడపగలిగే థెరపిస్టు దొరకడం అదృష్టం.

నడక, కూర్చోవడం విషయంలోనూ సూత్రం ఇదే. "కాళ్లకు బలం రావాలి" అనేది లక్ష్యం కాదు. "మంచం మీంచి దిగి బాత్రూమ్ దాకా వాకర్‌తో వెళ్లాలి" అనేది లక్ష్యం. అది పిల్లాడికీ కావాలి, ఆ పనినే వందలసార్లు చేయించాలి. ఒకప్పుడు ప్రపంచమంతా పాకిన, లండన్‌లో బోబత్ దంపతులు మొదలుపెట్టిన పద్ధతి, అంటే థెరపిస్టు చేతులతో ఒంటిని సరైన భంగిమలోకి నడిపించడం, ఆ పాత రూపంలో పెద్దగా ఫలితం ఇవ్వదని తేలింది. చేత్తో లాగే స్ట్రెచింగ్ కూడా అంతే, కొద్ది నిమిషాలు లాగి వదిలేస్తే కండ పొడవు పెరగదు, దానికి గంటల తరబడి ఉండే స్ప్లింట్లు (కాలినో చేతినో ఒకే భంగిమలో పట్టి ఉంచేవి), కట్లు కావాలి. నూనె మర్దన పిల్లాడికి హాయిగా ఉంటే చేయండి. దాన్ని ట్రీట్‌మెంట్ లెక్కలో మాత్రం వేయకండి.

ఎంత ఆశించవచ్చు? కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 1997లో పిల్లలు ఎంతవరకు కదలగలరో చెప్పే ఐదు మెట్ల కొలత తయారుచేశారు. మొదటి మెట్టు పిల్లాడు పరిగెత్తుతాడు, కాస్త తడబడతాడంతే. మూడో మెట్టులో వాకరో కర్రో కావాలి. ఐదో మెట్టులో తల నిలబెట్టడమే కష్టం. 2002లో వాళ్లే వందల మంది పిల్లల ఎదుగుదల గీతలు గీసి చూస్తే, ఎంతవరకు కదలగలరో అందులో 90 శాతం దాకా ఐదేళ్లలోపే వచ్చేస్తోంది, తీవ్రంగా ఉన్నవాళ్లకి మూడేళ్లలోపే. చాలామంది డాక్టర్లు ఈ మెట్టు సంగతి తల్లిదండ్రులకి చెప్పరు, బాధపడతారని. నాకైతే చెప్పాలనే అనిపిస్తుంది. నాలుగో మెట్టు పిల్లాణ్ణి "నడిపిస్తాం" అని పదేళ్లు తిప్పే బదులు మంచి వీల్‌చైర్ కొనిచ్చి బడికి పంపితే వాడి బతుకు వేరేగా ఉంటుంది. చేతిపని, మాట, చదువు ఐదేళ్లకి ఆగిపోవు, ఆ గీతలు వాటి గురించి కావు.

బిగుతు తగ్గించే వైద్యం వేరే కథ. బొటాక్స్ ఇంజెక్షన్ (ముడతలు పోవడానికి వాడేదే) నరం నుంచి కండకు వెళ్లే సంకేతాన్ని ఆపుతుంది, మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. అంటే అది చికిత్స కాదు, గడువు. ఆ గడువులో స్ప్లింట్లు వేసి, కష్టపడి పని చేయిస్తేనే డబ్బుకి ఫలితం, ఇంజెక్షన్ ఇప్పించి ఇంటికి తీసుకొచ్చి కూర్చోబెడితే నాలుగు నెలలకి మొదటికొస్తుంది. ఒళ్లంతా బిగుసుకుపోయే వాళ్లకి పొట్ట చర్మం కింద పంపు పెట్టి వెన్ను నీటిలోకి నేరుగా బాక్లోఫెన్ అనే బిగుతు తగ్గించే మందు పంపుతారు, లక్షల్లో ఖర్చు, నింపడం మరిచిపోతే ప్రాణాపాయం. ప్రధానంగా రెండు కాళ్లే బిగుసుకుని, లోపల బలం ఉన్న చిన్నపిల్లల్లో కొందరికి నడుము దగ్గర వెన్ను నుంచి వచ్చే స్పర్శ నరాల పోగుల్లో కొన్నింటిని కరెంటుతో పరీక్షించి కోసే ఆపరేషన్ ఉంది. అందరికీ పనికిరాదు. అడిగి, ఎవరికి చేయకూడదో చెప్పగలిగే సర్జన్ దగ్గరికే వెళ్లండి.

మడమ నేలకి ఆనడం లేదని తొందరపడి మడమ వెనక ఉండే స్నాయువుని (కండని ఎముకకి కలిపే తాడు లాంటిది) ఆపరేషన్‌తో పొడుగు చేయించేవాళ్లు ఎక్కువ. రెండు కాళ్లూ బిగుసుకున్న పిల్లల్లో ఇది చిన్నప్పుడే అతిగా చేస్తే మడమ ఆనుతుంది, కొన్నేళ్లకి మోకాళ్లు వంగిపోయి గొంతుక్కూర్చున్నట్టు నడక వస్తుంది, అది సరిచేయడం మహా కష్టం. అందుకే ఏడాదికో ఆపరేషన్ కాకుండా, వీలైతే కాస్త పెద్దయ్యాక, తుంటి, మోకాలు, మడమ అన్నీ లెక్కచూసి ఒకేసారి చేయడం ఇప్పటి పద్ధతి.

తుంటి సంగతి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అందరూ మరిచిపోయేది ఇదే. బిగుసుకున్న తొడ కండలు ఏళ్ల తరబడి లాగి లాగి తొడ ఎముక తలని గిన్నెలోంచి మెల్లగా బయటికి నెట్టేస్తాయి. మొదట్లో నొప్పి ఉండదు. తెలిసేసరికి కాళ్లు ఎడం చేసి కడగడానికి కుదరదు, పిల్లాడు రాత్రిళ్లు ఏడుస్తాడు, మాట రాదు కాబట్టి ఎందుకో చెప్పలేడు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 323 మంది పిల్లల్ని చూస్తే 35 శాతం మందికి తుంటి ఎముక పక్కకి తొలగింది. మొదటి మెట్టు వాళ్లలో ఒక్కరికీ లేదు, ఐదో మెట్టు వాళ్లలో 90 శాతం మందికి ఉంది. నడవని పిల్లలకి ఆరు నెలలకో ఏడాదికో ఒక్క ఎక్స్‌రే తీస్తే ముందే దొరుకుతుంది. దక్షిణ స్వీడన్‌లో 1994 నుంచి ఇలా వరసగా తీస్తూ, పక్కకి తొలగుతున్న తుంటికి సమయానికి ఆపరేషన్ చేసి, తుంటి పూర్తిగా తొలగడాన్ని దాదాపు మాయం చేశారు. మీ పిల్లాడికి తుంటి ఎక్స్‌రే చివరిసారి ఎప్పుడు తీశారో ఈరోజే ఫైల్ తీసి చూడండి.

డబ్బు గుంజే వాటి గురించి క్లుప్తంగా. మెదడుకి బలం అని రాసే సిరప్‌లకి ఆధారం లేదు. స్టెమ్ సెల్స్‌ని (మూలకణాలని) రక్త సంబంధమైన కొన్ని జబ్బులకి తప్ప వైద్యంగా అమ్మకూడదనీ, మిగతావాటికి అనుమతితో జరిగే పరిశోధనలోనే, అదీ రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా ఇవ్వాలనీ 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు చెబుతున్నాయి. లక్షలు అడిగారంటే అక్కడే తెలిసిపోవాలి. ఆక్సిజన్ చాంబర్ కథ ఇంకా తమాషా. 2001లో కెనడాలో 111 మంది పిల్లల్లో సగం మందికి ఒత్తిడితో ఆక్సిజన్, మిగతా సగానికి కొద్దిపాటి ఒత్తిడితో మామూలు గాలి రెండు నెలలు ఇచ్చారు. రెండు గుంపులూ బాగుపడ్డాయి, ఒకేలా! ఆ కొద్ది ఒత్తిడి కూడా మందేనని చాంబర్‌ల వాళ్లు వాదిస్తారు. రెండు నెలలపాటు అమ్మానాన్నలు అన్ని పనులూ పక్కనపెట్టి, ఆశతో, పిల్లాడి వెంటే ఉండటం పనిచేసిందని నేననుకుంటాను. అది ఫ్రీ.

సుమారు నలుగురిలో ఒకరికి మాట రాదు. మాట రాదంటే అర్థం కాదని కాదు, ముఖ్యంగా ఒళ్లు మెలికలు తిరిగే పిల్లల్లో తెలివి చక్కగా ఉండి కూడా బుద్ధిమాంద్యం అని ముద్ర పడిపోతుంది. కళ్లు పైకెత్తితే అవును, పక్కకి తిప్పితే కాదు, ఇక్కడ మొదలుపెట్టి అట్టముక్క మీద నీళ్లు, నొప్పి, బయటికి అనే బొమ్మలు అంటించి చూపుతో ఎంచుకోమనడం దాకా పైసా ఖర్చు లేదు. బొమ్మలు అలవాటైతే మాట రాదేమో అనే టెన్షన్ వద్దు, అలా జరగదు.

ఎక్కడికి వెళ్లాలి? జిల్లా ఆసుపత్రుల్లో ఉండే డీఈఐసీ సెంటర్లు (ఎదుగుదల లోపాల్ని ముందే పట్టి చికిత్స చేసేవి) చిన్నపిల్లల కోసమే. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రాలకి ఫిజియో వస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. వైకల్య సర్టిఫికెట్ (సదరం) చేతికొచ్చాక నిరామయ ఆరోగ్య బీమాకి కూడా అప్లై చేయండి, ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. ఏ సెంటర్‌కి వెళ్లినా, ఇంటికి వెళ్లాక ఏం చేయించాలో రాసిచ్చి, వచ్చేవారం అది అయిందా అని అడిగే థెరపిస్టుని వదులుకోకండి.

ఇదంతా పిల్లల గురించే అయింది, అసలు లోపం కూడా అక్కడే ఉంది. సీపీ ఉన్నవాళ్లు పెద్దవాళ్లవుతారు. పిల్లల డాక్టరు ఇక చూడనంటాడు, పెద్దల డాక్టరుకి సీపీ తెలియదు. ముప్పై ఏళ్లు వచ్చేసరికే నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, విపరీతమైన అలసట మొదలై, నడిచేవాళ్లు కొందరు నడక తగ్గించేస్తారు. వాళ్లకి కావలసింది మళ్లీ మ్యాట్ మీద కాళ్లు లాగించుకోవడం కాదు. బరువులతో కండబలం పెంచే వ్యాయామం, నొప్పికి సరైన మందు, దూరాలకి వీల్‌చైర్. కొన్ని అడుగులు వేయగలిగినవాళ్లు ఆఫీసుకి వీల్‌చైర్‌లో వెళ్తే "అయ్యో, నడిచేవాడివి కదా" అంటారు జనం. సాయంత్రం క్రికెట్ చూడటానికి ఓపిక మిగలాలని అలా వెళ్తున్నారు, అంతే.