బొమ్మ అసలుదే, మరి హక్కు ఎవరిది?

అపోహ: పెయింటింగ్ కొనేటప్పుడు అది చిత్రకారుడి కాటలాగ్ రెజొనేలో (అతని అసలు బొమ్మలన్నిటి జాబితాలో) ఉంటే చాలు.

వాస్తవం: ఆ జాబితా తేల్చేది బొమ్మ ఎవరు గీశారన్నదే. పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే ఇక్కడా చేయి మారిన ప్రతిసారికీ కాగితం కావాలి. ముందుగా జర్మనీలో నాజీల పాలన నడిచిన 1933-1945 మధ్య ఆ బొమ్మ ఎక్కడుందో చూడాలి.

అపోహ: రసీదు ఉంటే అమ్మకం సక్రమమే.

వాస్తవం: ఫ్రెంచ్ చిత్రకారుడు పిస్సారో 1897లో గీసిన, వానలో తడిసిన పారిస్ వీధి ర్యూ సెంటోనొరే బొమ్మనే తీసుకోండి. 1939లో జర్మనీ దాటాలంటే యూదు మహిళ లిల్లీ కాసిరర్ దాన్ని 900 రైష్‌మార్కులకు ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ డబ్బు పడిందీ ఆమె తీసుకోలేని ఖాతాలోనే. కాగితం మీద మాత్రం అది అమ్మకమే! 1976లో న్యూయార్క్ గ్యాలరీ నుంచి దాన్ని బొమ్మలు సేకరించే బారన్ తిస్సెన్ కొన్నారు. గ్యాలరీ ఇచ్చిన యాజమాన్య చరిత్రలో బెర్లిన్ ఊసే లేదు, బొమ్మ వెనకేమో కాసిరర్ కుటుంబపు బెర్లిన్ గ్యాలరీ లేబుల్ చిరుగు ముక్క. మిగతా లేబుళ్లు పీకేసి ఉన్నాయి. పేపర్లూ వెనకభాగమూ చెరో మాట చెబితే అక్కడే ఆగాలి. బొమ్మ తిరిగిమ్మని లిల్లీ వారసుడు 2005లో వేసిన దావాను 2025లో అమెరికా సుప్రీంకోర్టు మళ్లీ కింది కోర్టుకే పంపింది.

అపోహ: వెనక లేబుల్ ఉందంటే తిరుగులేని సాక్ష్యం.

వాస్తవం: లేబుల్ దేనిమీద ఉందో చూడండి. ఫ్రేములు మారిపోతుంటాయి, కాబట్టి ఫ్రేము మీది లేబుల్ ఫ్రేము చరిత్రే కావచ్చు. కాన్వాసు, దాన్ని బిగించిన చెక్క చట్రం, ఫ్రేము, మూడింటినీ విడివిడిగా ఫొటో తీయాలి. వెనక కొత్త గుడ్డ అతికించి ఉంటే పాత ముద్రలు దాని కింద ఉండిపోతాయి. పారిస్ బొమ్మల వ్యాపారి డ్యురాన్-రూయెల్ లేబుల్ మీద స్టాకు నంబరుంటే అది బంగారం, దాన్ని వాళ్ల స్టాకు పుస్తకంతో పోల్చవచ్చు. బొమ్మ పేరునీ కొలతల్నీ నమ్ముకోవద్దు. పేర్లు అమ్మకానికొకటిగా మారతాయి, కాన్వాసులు రెడీమేడ్ సైజులు. 81×65 సెంటీమీటర్లంటే 25 నంబరు కాన్వాసు, అలాంటివి ఎన్నో!

అపోహ: పోయిన, దొంగిలించిన కళాఖండాల డేటాబేస్ నడిపే ఆర్ట్ లాస్ రిజిస్టర్ సర్టిఫికెట్ వస్తే క్లియరే.

వాస్తవం: ఆ రోజుకి వాళ్ల డేటాబేస్‌లో పోలిక దొరకలేదని, అంతే. పారిస్‌లో నాజీలు దోచిన వాటి ఈఆర్ఆర్ (నాజీల దోపిడీ విభాగం) జాబితాలు కూడా చూడాలి.

అపోహ: చరిత్రలో ఖాళీ ఉంటే దొంగసొత్తే.

వాస్తవం: కాదు, వారసుల ఇళ్లలో కాగితాలు పోవడం మామూలే. మ్యూజియం జాబితాల్లో సాధారణంగా రెండు పేర్ల మధ్య సెమీకోలన్ ఉంటే నేరుగా చేయి మారినట్టు, ఫుల్‌స్టాప్ ఉంటే నడుమ ఏం జరిగిందో తెలియనట్టు. వేలం సంస్థలన్నీ ఇలాగే రాయవు, వాళ్ల కాటలాగ్ ఏ పద్ధతిలో ఉందో ముందు అడగండి.