గడ్డి లెక్కలు ఎక్కడ తప్పుతున్నాయి?

పంట వ్యర్థాలతో ఏ ప్లాంటు పెట్టాలన్నా ముందుగా తేలాల్సింది, ఆ ప్రాంతంలో బయోమాస్ (ఇంధనంగా వాడుకోగల గడ్డి, కట్టె, పంట వ్యర్థాల వంటివి) ఎంత దొరుకుతుందనేది. ఈ లెక్క వేసే తీరు గత యాభై ఏళ్లలో చాలా మారింది.

1973 చమురు సంక్షోభం తర్వాత అందరి దృష్టీ వంటచెరకు మీద పడింది. తలసరి వాడకాన్ని జనాభాతో గుణించి, అందులోంచి అడవిలో ఏటా పెరిగే కలపను తీసేసి, మిగిలినదాన్ని కొరత అన్నారు. ఆ లెక్కన చాలాచోట్ల అడవులు త్వరలోనే ఖాళీ అయిపోవాలి. అలా జరగలేదు. గట్ల మీది చెట్లు, ఎండుపుల్లలు, పంట కట్టె, పిడకలు ఆ లెక్కలోకే రాలేదు మరి. 2003లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన ‘విజ్డమ్’ పద్ధతి మిగులు ఎక్కడుందో, లోటు ఎక్కడుందో మ్యాపు మీద చూపింది.

2005లో అమెరికా ప్రభుత్వ నివేదిక ఏటా 130 కోట్ల టన్నులకు పైగా పొడి బయోమాస్ సాధ్యమని చెప్పింది గానీ, ఏ ధరకో చెప్పలేదు. 2011 నివేదిక కౌంటీలవారీగా (అంటే మన జిల్లాల్లాంటి ప్రాంతాలవారీగా) ఏ ధరకు ఎంత వస్తుందో లెక్కగట్టింది. అసలు మలుపు ఇదే.

అయినా ధాన్యం దిగుబడిని ఒక గుణకంతో హెచ్చించి ఊరుకునే సర్వేలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఉదాహరణకు 10,000 టన్నుల వడ్లకు 1.2 చొప్పున 12,000 టన్నుల గడ్డి. యంత్రం ఎత్తుగా కోసి సగం మోళ్లుగా వదిలేస్తే చేతికొచ్చేది 6,000. అందులో సగం పశువులకు పోతే 3,000. నిల్వలో పదోవంతు పాడైతే 2,700.

అందుకే పొలంలో తూచి చూడాలి. కోత రోజున చదరపు మీటరు చట్రం వేసి, యంత్రం కోసే ఎత్తులోనే కోసి వెంటనే తూచాలి. నమూనాను 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు నిలకడగా వచ్చేదాకా ఆరబెట్టాలి. సగం నీరే ఉన్న గడ్డిలో తేమను తడి బరువు మీద లెక్కిస్తే 50 శాతం, పొడి బరువు మీద లెక్కిస్తే 100 శాతం. ఏ లెక్కో రాయకపోతే ఆ టన్నులు ఎందుకూ పనికిరావు.

విడి గడ్డి ఘనమీటరుకు 100 కిలోలు కూడా తూగదు. బరువు సగమైనా ఎక్కకముందే లారీ నిండిపోతుంది, కాబట్టి బేళ్లు కట్టే ఖర్చు కూడా కలపాలి. పైగా కోత కొన్ని వారాల్లో ముగుస్తుంది, ప్లాంటు ఏడాదంతా నడవాలి. కొనుగోళ్లు మొదలయ్యాక గడ్డి ధర పెరిగితే ముందుగా దెబ్బతినేది పశువులున్న చిన్న రైతులే. ఇప్పుడు ఆ గడ్డి ఎవరు, ఏ నెలల్లో, ఎంత వాడుతున్నారో ఇంటింటికీ అడిగి రాసుకున్నాకే మిగులు లెక్క మొదలుపెట్టాలి.