కెమెరా చూడని ఘడియ

తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో వరంగల్ జిల్లాకు చెందిన కమలమ్మ, దళంతో అడవిలో తిరుగుతూ, కన్నబిడ్డను పరాయి చేతుల్లో పెట్టి ముందుకు నడిచింది. ఆ ఘడియను ఏ కెమెరా చూడలేదు. మనకు దక్కింది, మూడు దశాబ్దాలు దాటాక ఆమె నోట వచ్చిన మాట. దాన్ని సినిమాగా తీయాలంటే తెర మీద ఏం చూపించాలి? హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఫోన్ పట్టుకొని అమ్మమ్మల ముచ్చట్లు రికార్డు చేసే అమ్మాయిలకు ఇవాళ ఎదురయ్యే చిక్కూ ఇదే.

కమలమ్మ మాటను భద్రం చేసింది హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన. 1978లో రమీజాబీపై పోలీసుల అత్యాచారం నగరాన్ని కుదిపేసిన కాలంలో రూపుదిద్దుకున్న బృందం అది. పాలకుర్తి ఐలమ్మ, కమలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటివాళ్లు చెప్పుకున్న బతుకులు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చయ్యాయి. ఆ పుస్తకం మన అల్మారాల్లో ఉంది. దానికి మూడేళ్ల ముందు అదే బృందం ఒక సినిమాకూ చెయ్యి కలిపిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

పేరు ‘ఇది కథ మాత్రమేనా?’. 1980లో దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, నవ్రోజ్ కాంట్రాక్టర్ బెంగళూరులో పెట్టుకున్న యుగాంతర్ బృందం తీసింది. తెలుగు సినిమా, పాతిక నిమిషాలు ఉంటుంది. విషయం ఇంట్లో హింస, దానివల్ల కమ్ముకునే కుంగుబాటు. ‘మా ఆయన కొడతాడు’ అని మొహం చూపించి చెప్పిన ఆడమనిషి పొద్దుగూకేసరికి ఆ ఇంటికే పోవాలి కదా! సంఘటన సభ్యులు తమ అనుభవాలు కలబోసుకొని ఒక కల్పిత కథ అల్లారు, సన్నివేశాలను అప్పటికప్పుడు పెంచుకుంటూ పోయారు. నా లెక్కలో ఆ కల్పన వాళ్లకు కొంగుచాటు. లోపల ఉన్నదంతా జరిగిందే. భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరం చేసిన 498ఎ సెక్షన్ వచ్చిందీ అదే 1983లో.

కథ చెబుతూ చెబుతూ పాత్రలోకి దూకి, మళ్లీ బయటికొచ్చి నాలుగు మాటలు విసరడం ఒగ్గు కథ విన్న మనకు కొత్తేమీ కాదు. ఇట్లాంటి సినిమాను ‘ప్రయోగాత్మకం’ అనగానే బెదిరిపోవడం ఎందుకో!

‘ఇది కథ మాత్రమేనా?’కు ముందు, 1982లో, యుగాంతర్ కర్ణాటకలోని నిపాణి పొగాకు కార్ఖానాల ఆడవాళ్లతో నెలల తరబడి ఉండి ఒక చిత్రం తీసింది. జగిత్యాల, కోరుట్ల, నిజామాబాద్‌లో చూస్తే అది సొంత కథలాగే ఉంటుంది, ఒక్క తేడా తప్ప. నిపాణిలో కార్ఖానా గేటు ఉంది, గేటు ముందు గుంపు ఉంది. మన దగ్గర బీడీ పని ఇంటి అరుగు మీదే: ఒళ్లో చాట, చాటలో తునికాకు, జర్దా, పక్కన పొయ్యి మీద అన్నం. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఇక్కడ సమ్మె ఎక్కడ మొదలవుతుందో కెమెరాకు దొరకదు. వేళ్లను చాలాసేపు చూపించి, పైన ఆమె గొంతు వినిపించాల్సి వస్తుంది. నడుమ ఆమె పొద్దు ఎట్లా గడిచిందో మళ్లీ నటించి చూపమని అడగాలి. అడిగితే చేస్తారు కూడా, నవ్వుకుంటూ.

బి. నర్సింగరావు ‘దాసి’ 1988లో వచ్చింది. దొర గడిలో ఆడమనిషి బతుకును అంత మనసు పెట్టి చూసిన తెలుగు సినిమా అరుదే. అయినా ఆమెను చూసేది దర్శకుడే, తన కథను ఎట్లా చెప్పాలో ఆమె చేతిలో లేదు.

యుగాంతర్ రీళ్లను బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ డిజిటల్‌లోకి మార్చాక ఆ చిత్రాలు మళ్లీ తెరకెక్కుతున్నాయి. హైదరాబాద్ ఆడవాళ్లు తెలుగులో చెప్పుకున్న బాధ, జర్మనీ దాకా పోయి వచ్చి మన ముందు కూర్చుంది.